నమ్మకం అడిగితే మర్యాద చూపినవాళ్లు

ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు నన్ను చూడగానే అడిగేది ఒకటే: "మేడం, ఏ కమాండ్ కొట్టాల?" చెప్పగానే ఫోన్‌లో ఫోటో తీసుకుంటారు. అది ఎందుకు కొట్టాలని అడిగిన పిల్లను నా ఉద్యోగమంతటిలో ఒక్కదాన్నే చూశాను. పేరు సల్మా, మా పులివెందుల బ్రాంచి కౌంటర్లో ఉండేది. మిగతావాళ్లంతా వంట రాని కోడలు డబ్బాల మీద పేర్లు బట్టీ పట్టినట్టు కమాండ్లు బట్టీ పట్టినవాళ్లే.

నేను ప్రొద్దుటూరులో ఒక ప్రైవేటు పరీక్షల ల్యాబులో కంప్యూటర్ల పని చూసి రిటైరయ్యాను. పుట్టింది బట్టల అంగడి ఇంట్లో కాబట్టి మనుషుల నోటి మాట మీద నాకు చిన్నప్పటినుంచీ పెద్ద గౌరవం లేదు. మా ల్యాబు యంత్రాలన్నీ ప్రొద్దుటూరులో ఉండేవి. జమ్మలమడుగులో ఒక బ్రాంచి, పులివెందులలో ఒకటి. బ్రాంచిలో రక్తమో కఫమో తీసుకుని బస్సులో మాకు పంపుతారు. మేం పరీక్ష చేసి రిపోర్టు ఫైలు మెయిల్లో పంపితే వాళ్లు ప్రింటు తీసి ఇస్తారు. ఇంత చిన్న దారిలో ఎన్ని గుంతలున్నాయో చెప్పడానికే ఇది రాస్తున్నాను. నాకు జీతం ఎప్పుడు పెరిగింది, ఏ సాఫ్ట్‌వేరు నేనే తెచ్చాను లాంటివి రాయను. అవి ఎవరికి కావాలి?

అసలు విషయం ముందే చెప్పేస్తాను, దాచిపెట్టి చివర్లో విప్పే సరదా నాకు లేదు. ఓబులేసు అని, పులివెందుల దగ్గరి పల్లెలో గొర్రెలు మేపుకునే మనిషి. అతనికి టీబీ ఉందని మా యంత్రం సరిగ్గానే చెప్పింది. దాని మీద మా డాక్టరు సంతకమూ సరిగ్గానే పడింది. అతని చేతికి మాత్రం ఏ జబ్బూ లేదన్న కాగితం చేరింది. వెంటనే మందులు మొదలుపెట్టాల్సిన మనిషి క్వారీలో దుమ్ము పీలుస్తూ, ఇంటికి వెళ్లినప్పుడల్లా చిన్న బిడ్డను పక్కలో పడుకోబెట్టుకున్నాడు. ఇందులో హ్యాకర్లు ఎవరూ లేరు. అంత తెలివైనవాళ్ల అవసరం మావాళ్లు ఎప్పుడూ రానివ్వలేదు.

సంతకం ఏం చెబుతుంది, ఏం చెప్పదు

ఒక లారీ డ్రైవరు తన షుగరు రిపోర్టులో అంకె మార్చుకుని ఎర్రగుంట్లలో ఒక ఫ్యాక్టరీకి చూపించాడు. మార్చడం కూడా చాతకాక వేరే సైజు అక్షరాలు పెట్టి దొరికిపోయాడు. దాంతో మా డాక్టరుకు భయం పట్టుకుంది. ల్యాబు ఆయనదే, రిపోర్టుల మీద సంతకమూ ఆయనదే. "ఏదో ఒకటి చెయ్యమ్మా" అని నా నెత్తిన పెట్టాడు.

జీపీజీ అని ఒక పనిముట్టు ఉంది. ఉచితం. బొమ్మలూ బటన్లూ ఉండవు, నల్ల తెర మీద అక్షరాలు కొట్టి పని చేయించుకోవాలి. అది ప్రతి మనిషికీ రెండు కీలు తయారుచేస్తుంది. ఒకటి ప్రైవేటు కీ. దాన్ని సొంతదారు దాచుకోవాలి, దాంతోనే ఫైలు మీద సంతకం పడుతుంది. రెండోది పబ్లిక్ కీ. అది ఊరందరికీ పంచొచ్చు, దాంతో ఆ సంతకం నిజమైనదో కాదో చూసుకోవచ్చు. సంతకం పడ్డాక ఫైల్లో ఒక్క చుక్క మారినా అది చెల్లదని తెర మీద పడుతుంది. విద్య అంతా ఇంతే.

జనం బోర్లా పడే చోటు వేరే ఉంది. కీ తయారుచేసేటప్పుడు దాని మీద ఏ పేరు కావాలంటే ఆ పేరు రాసుకోవచ్చు. మా డాక్టరు పేరుతో నేనూ ఒక కీ చేసుకోవచ్చు, టీ అంగడివాడూ చేసుకోవచ్చు, అడిగేవాడు లేడు. కాబట్టి ఫలానా కీ నిజంగా ఫలానా మనిషిదేనని పనిముట్టుకు మనమే చెప్పాలి. అందుకోసం ప్రతి కీకి పొడుగాటి అక్షరాల వరస ఒకటి ఉంటుంది. ఫింగర్‌ప్రింట్ అంటారు. దాన్ని అటువాళ్లూ ఇటువాళ్లూ చదువుకుని సరిపోల్చుకోవాలి.

మొదట్లో డాక్టరు కీ ఫింగర్‌ప్రింటును నేను జమ్మలమడుగుకు ఫోన్లో చదివాను. అక్కడి మేనేజరు వెంకటసుబ్బయ్య, మెత్తటి మనిషి, ఎవరికీ ఎదురు చెప్పడు. నేను సగం చదివేసరికే "సరిపాయ మేడం, సరిపాయ" అన్నాడు.

"ఇంకా సగం ఉండాది గదప్పా."

"మీరు చెప్పినాక తప్పుంటాదా మేడం?"

నాకు ఒళ్లు మండింది. నేను చదవడం మానేసి అతన్నే చదవమన్నాను, నేను ఇటు చూసుకున్నాను. చదివినంతసేపూ నేనేదో అతన్ని దొంగ అన్నట్టే బాధపడుతూ చదివాడు. ఆ వరసను కాగితం మీద రాసి గోడకు అతికించమన్నాను. అతికించాడు.

కుంకుమ, కన్సల్టెంటు, సాయంత్రం పని

డాక్టరు ప్రైవేటు కీని ఒక పెన్ డ్రైవులో పెట్టి ఇచ్చి, దీన్ని ఎవరికీ ఇవ్వొద్దు, పాస్‌వర్డ్ మీరే కొట్టండి అని చెప్పాను. ఇవ్వలేదు, నిజమే. కానీ ఆయుధ పూజ నాడు మైక్రోస్కోపు, కారు, సూదుల పెట్టెతో పాటు దానికీ పూజ చేశాడు. పసుపు రాసి, కుంకుమ పెట్టి, పైన నిమ్మకాయ రసం పిండాడు. మర్నాడు కంప్యూటరులో పెడితే పని చేస్తుందా? "నిన్న బాగుండె గదమ్మా" అని నన్నే అనుమానంగా చూశాడు. నేను బీరువాలో ఇంకో కాపీ దాచి ఉండకపోతే ఆ పొద్దు మూడు ఊళ్లలో రిపోర్టులు ఆగిపోయేవి. ఎంబీబీఎస్, ఆపైన ఎండీ. చదువు మనిషిని ఎక్కడిదాకా తీసుకుపోగలదో, ఎక్కడ దించేసి వెళ్లిపోతుందో నాకు అప్పుడే తెలిసింది.

తర్వాత ఆయనకు హైదరాబాదు నుంచి ఒక కన్సల్టెంటు దొరికాడు. నల్ల తెర చూసి ముక్కు ఎగరేశాడు. సంతకాలు వద్దు, ప్రతి ఫైలుకీ ఒక గుర్తు లెక్కగట్టి అదే మెయిల్లో పెట్టి పంపండి, అటువాళ్లు ఆ గుర్తు సరిచూసుకుంటారు అన్నాడు. ఫైలు మార్చేవాడు గుర్తు కూడా మళ్లీ లెక్కగట్టి మార్చడా అని అడిగాను. "అందరూ ఇలాగే చేస్తారు మేడం" అన్నాడు. దొంగ చేతికి తాళాలిచ్చి, అందరూ ఇస్తున్నారు కదా అన్నట్టుంది. ఆయన్ని భోజనం పెట్టి పంపించాం, ఆయన సలహాను నేను పక్కన పెట్టాను. డాక్టరు మాత్రం చాలా కాలం నన్ను ఆ కన్సల్టెంటు తెలివితో పోల్చి నిట్టూరుస్తుండేవాడు.

పులివెందులలో సల్మాకు ముందు ఒకతను ఉండేవాడు. ప్రింటు ఇచ్చేముందు ఫైలు మీది సంతకం వెరిఫై చేస్తున్నావా అంటే రోజూ చేస్తున్నానన్నాడు. ఒకసారి వెళ్లి చూద్దును కదా, పొద్దున్నుంచీ ప్రింట్లు తీసి జనానికి ఇచ్చేస్తున్నాడు. సాయంత్రం కౌంటరు మూసేముందు రోజు ఫైళ్లన్నీ వరసగా వెరిఫై చేస్తున్నాడు. "పొద్దన్నే చేస్తే జనం నిలబడతారు మేడం. సాయంత్రం తీరిగ్గా చేస్తాండా" అన్నాడు. అన్నం తిని చెయ్యి కడుక్కున్నాక, అందులో పురుగుందా అని చూసే రకం. అతన్ని తీసేయమని నేను గొడవ చేస్తే సల్మా వచ్చింది. ఆమె మొదటి రోజే, "మేడం, ఇది తప్పని చెప్తే నేనేం చేయాల? జనం కొట్లాడితే?" అని అడిగింది. ఫైలు చెల్లదంటే ప్రింటు ఇవ్వకు, నాకు ఫోన్ చెయ్యి అన్నాను. ఆమె అలాగే చేసేది, జనంతో కొట్లాడేది, నాతోనూ కొట్లాడేది. నేను సంతకం పడ్డ ప్రతి ఫైలు కాపీ ఒకటి పులివెందుల కంప్యూటరుకు కూడా వెళ్లేటట్టు పెట్టాను. అక్కడైతే ఎవరూ ముట్టుకోరని నా ధీమా.

జమ్మలమడుగుకు కూడా అప్పుడప్పుడూ వెళ్లి చూసి వస్తానని డాక్టరును అడిగాను. "దానికి బస్సెక్కి పోవాల్నా అమ్మా, ఫోన్లో కనుక్కో" అన్నాడు. ఫోన్లో కనుక్కుంటే వెంకటసుబ్బయ్య ఏం చెబుతాడు? అంతా బాగుందనే చెబుతాడు.

ఐదు

ఒకరోజు సల్మా ఫోన్ చేసింది. గొంతులో ఎప్పుడూ ఉండే విసుగు లేదు.

"మేడం, ఈడ ఒకాయప్ప వచ్చినాడు, ఓబులేసు అని. దగ్గితే రక్తం పడతాంది. వాళ్ల భార్య పాత రిపోర్టు తెచ్చింది, జమ్మలమడుగులో ఇచ్చిందంట. అందులో టీబీ ల్యాదని ఉండాది. అదే నంబరు మీద మన కాపీ తీసి చూస్తే ఉండాదని రాసుండాది. ఏది నమ్మాల నేను?"

ప్రొద్దుటూరు ఫైలు నేను తీసి చూశాను. ఉంది. కఫంలో క్రిములు కనిపించాయని మా డాక్టరు సంతకంతోనే ఉంది. జమ్మలమడుగు నుంచి వాళ్ల ఫైలు తెప్పించి వెరిఫై చెయ్యమన్నాను. సల్మా చేసి, "ఈ కీ మన దగ్గర ల్యాదంటాంది మేడం" అంది. అంటే అది డాక్టరు కీతో పడిన సంతకం కాదు. అతనికి వెంటనే మళ్లీ పరీక్ష చేయించమని, వాళ్లను సర్కారు ఆసుపత్రికి పంపమని చెప్పి నేను జమ్మలమడుగు బస్సెక్కాను. ఈసారి డాక్టరును అడగలేదు.

వెంకటసుబ్బయ్య కుర్చీ తుడిచి వేశాడు, టీ తెప్పించాడు. నేను అతని కంప్యూటరులో అదే ఫైలును వెరిఫై చేశాను. సంతకం చెల్లుతుందని, మా డాక్టరు పేరుతో, ఏ హెచ్చరికా లేకుండా వచ్చింది. పులివెందులలో తెలియనన్న కీని ఈ కంప్యూటరు అసలుదని ఒప్పుకుంటోంది. గోడ మీది ఫింగర్‌ప్రింటుతో సరిచూద్దామంటే ఆ కాగితం కనబడలేదు. దాని మీద ఒక చీరల అంగడి క్యాలెండరు వేలాడుతోంది. ఎత్తి చూశాను. రెండూ వేరు వేరు.

"ఈ కీ యాడనుంచి వచ్చిందప్పా?"

"డాక్టరుగారు కీ మార్చినారంట గదా మేడం. మా బావ తెచ్చి వేసినాడు."

"మార్చినారని ఎవురు చెప్పినారు?"

"మా బావే."

"నన్నొక మాట అడగొచ్చు గదా?"

"బావ చెప్పినాక మళ్లా మిమ్మల్ని అడిగితే ఏం బాగుంటాది మేడం? నా మాట మింద నమ్మకం ల్యాదా అనుకోడా ఆయప్ప?"

బావ అంటే అతని అక్క మొగుడు, శివప్రసాదు. బ్రాంచికి ఎదురుగానే జిరాక్స్ అంగడి. బ్రాంచిలో నెట్ పోయినప్పుడల్లా మెయిలు ఆ అంగట్లో తెరిచి, ఫైళ్లు పెన్ డ్రైవులో తెచ్చుకునేవాళ్లు. ఈ అలవాటు నాకు ఎవరూ చెప్పలేదు. నేను మొదట జీపీజీ నేర్పడానికి వచ్చిన రోజున ఈ బావ కూడా ఒక మూల కూర్చుని విన్నాడట. నేను వెళ్లిపోయాక తనకూ ఒక కీ చేసుకున్నాడు, దాన్ని బావమరిది కంప్యూటరులో వేయించుకున్నాడు.

ఇక్కడ పిల్లలు కాస్త జాగ్రత్తగా వినాలి. ఎవరి కీనైనా మన కంప్యూటరులో వేసుకున్నాక, ఈ మనిషిని ఎంత నమ్ముతావో చెప్పే తెర ఒకటి ఉంటుంది. ఒకటి నుంచి ఐదు వరకు అంకెలు. తెలీదు, నమ్మను, కొంచెం, బాగా, పూర్తిగా. అది అడిగేది మనిషి మంచోడా అని కాదు. ఇతరుల కీలు అసలువో కావో ఈ మనిషి సరిగ్గా చూసి చెబుతాడా అని. ఐదు నొక్కామంటే అది మన సొంత కీతో సమానం. ఆ మనిషి ఏ కీ మీద ఇది అసలుదని గుర్తు వేస్తే, మన కంప్యూటరు మారు మాట్లాడకుండా దాన్ని ఒప్పుకుంటుంది. ఐదు అన్నది మన కీకి తప్ప ఇంకెవరికీ వేయకూడదు. కన్నతండ్రికైనా సరే.

నేను చూశాను. శివప్రసాదు కీకి ఐదు వేసి ఉంది. డాక్టరు పేరుతో ఉన్న దొంగ కీ మీద శివప్రసాదు గుర్తు ఉంది. అంటే మెయిల్లో వచ్చిన అసలు ఫైలు ఆ జిరాక్స్ అంగట్లోనే మారిపోయి, దొంగ సంతకంతో పెన్ డ్రైవులోకి ఎక్కింది.

"మీ బావకు ఐదు ఎందుకు కొట్టినావప్పా?"

వెంకటసుబ్బయ్య నావైపు చూసిన చూపు నేను మరిచిపోలేను. తప్పు చేసినవాడి చూపు కాదు. నేను మర్యాద తెలియని మనిషినన్న చూపు.

"ఆ పొద్దు ఆయప్ప నా పక్కన్నే కూచోనుండె మేడం. తెర మింద ఏం పడింది? ఈ మనిషిని ఎంత నమ్ముతావని పడింది. రెండు కొడితే నమ్మనని. మూడు కొడితే ఏదో కొంచెమని. ఇంటి అల్లున్ని పక్కన పెట్టుకోని 'కొంచెం నమ్ముతా' అని కొట్టేదా? మా యక్క సంసారం ఏం గావాల?"

"నాలుగు కొట్టొచ్చు గదా?"

"ఐదుండంగ నాలుగు కొడితే తక్కువ చేసినట్టు గాదా?"

"నిజంగానేనా అని అది మళ్లా అడుగుతాది గదప్పా!"

"అడిగింది మేడం. మళ్లా అడిగేసరికి బావ మొగం మాడిపాయ. అందుకే ఇంకా బిరీన ఎస్ కొట్టేసినా."

నాకు నవ్వు వచ్చింది. దగ్గి దగ్గి రక్తం కక్కే మనిషి గుర్తొచ్చి ఆ నవ్వు మీద నాకే అసహ్యం వేసింది. ఈ పనిముట్టు రాసినవాళ్లు దొంగల గురించి ఆలోచించారు, గూఢచారుల గురించి ఆలోచించారు. పక్క కుర్చీలో కూర్చుని తెరలోకి తొంగిచూసే అక్క మొగుడి గురించి మాత్రం ఆలోచించినట్టు లేరు.

శివప్రసాదును పిలిపించాను. పిలిపిస్తే వచ్చాడు, భయపడలేదు. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు. వెంకటసుబ్బయ్య లేచి తన కుర్చీ ఇచ్చాడు, అప్పుడు కూడా.

"దాయాల్సిందేం ల్యాదు మేడం" అన్నాడు శివప్రసాదు. "క్వారీ కంట్రాక్టరు మనకు బాగా కావాల్సినోడు. ఆయప్పకు మనుషులు గావాల, ఈ ఓబులేసుకు పని గావాల. మేపు ల్యాక గొర్రెలు సగం అమ్ముకున్న మనిషి. క్వారీ ఈ పక్కనే, చేరాలంటే ఈడ పరీక్ష చేపిచ్చి జబ్బు ల్యాదన్న కాయితం చూపియ్యాల. మధ్యలో మీ కాయితం అడ్డం పడింది, తీసినా. మనిషికి పని ఇప్పిచ్చింది తప్పా?"

"ఆయప్పకు టీబీ ఉండాదని చదివినావు గదా?"

"చదివినా. క్వారీ కాడ దగ్గు ఎవురికి ల్యాదు మేడం?"

"ఓబులేసుకు చెప్పినావా?"

"చెప్తే పనికి పోతాడా?"

ఇలాంటి మనిషితో మాట్లాడటం దండగ. ఊళ్లో ఇలాంటివాళ్లను పనిమంతులంటారు. పెళ్లిళ్లలో ముందు వరసలో కూర్చోబెడతారు. వెంకటసుబ్బయ్య ఏం మాట్లాడతాడోనని చూశాను. "బావా, టీ తాగుతావా?" అని అడిగాడు.

వెనక్కి తిప్పే గడియారం

ప్రొద్దుటూరు చేరి డాక్టరుకు అంతా చెప్పాను. ఆయన అడిగిన మొదటి ప్రశ్న ఓబులేసు ఎలా ఉన్నాడని కాదు.

"ఆ ఉండాదన్న ఫైలు ఇంకెవురు చూసినారు?"

ఎందుకు అడిగాడో నాకు ఒక నిమిషం తర్వాత అర్థమైంది. కఫంలో టీబీ దొరికితే ప్రైవేటు ల్యాబు కూడా ప్రభుత్వానికి తెలియజేయాలి. అది రూలు. ఈయన తెలియజేయలేదు. బ్రాంచివాళ్లు చూసుకుంటారులే అనుకున్నాడట. ఆ ఫైలు బయటికొస్తే దొంగ కీ సంగతి ఎవడూ అడగడు, ముందు ఈయన్నే అడుగుతారు. ఈయన తెలియజేసి ఉంటే జమ్మలమడుగులో ఎన్ని దొంగ కాగితాలు పుట్టినా, ఆసుపత్రివాళ్లే ఓబులేసు ఇంటికి వెళ్లి మందులు ఇచ్చి ఉండేవాళ్లు.

"ఒక పని చెయ్యమ్మా" అన్నాడు, చాలా మెత్తగా. "కంప్యూటర్లో తేదీ వెనక్కి పెట్టు. ల్యాదని ఇంకో రిపోర్టు రాద్దాం, నేను పాస్‌వర్డ్ కొట్టి సంతకం చేస్తా. పాతది తీసేద్దాం. అప్పుడు జమ్మలమడుగు కాయితం, మన ఫైలు ఒకే మాట చెప్తాయి. జబ్బు ఆ తర్వాత వచ్చిందనుకుంటారు. టీబీ ఎప్పుడు వచ్చిందో ఎవురు చూసినారు?"

అన్నేళ్లలో ఆయన ఈ పనిముట్టు గురించి నేర్చుకున్నది ఒకే ఒక్కటి, గడియారం వెనక్కి తిప్పితే సంతకం మీద పాత తేదీ పడుతుందని. అది మాత్రం నేనెప్పుడూ నేర్పలేదు, తనంతట తానే తెలుసుకున్నాడు. అవసరం ఉంటే ఆయనకు చదువు బాగానే వస్తుందన్నమాట.

"పులివెందులలో కాపీ ఉంది డాక్టర్ గారూ" అన్నాను. "అది మీ కీతోనే సంతకమైంది. ఇప్పుడు మీరు ఇంకోటి చేస్తే ఒకే మనిషికి, ఒకే తేదీన, ఉందని ఒకటీ లేదని ఒకటీ, రెండూ మీ అసలు సంతకంతోనే ఉంటాయి. అప్పుడు శివప్రసాదు చేసినాడని కూడా చెప్పుకోలేరు."

"సల్మాతో తీయించు."

"తీయించను."

"ఇన్నేండ్లు మా ఉప్పు తిన్నావు గదమ్మా!"

"పని చేసినాను, జీతం తీసుకున్నాను. ఉప్పు మా ఇంట్లోదే తిన్నాను."

ఆ పూటే అసలు ఫైలు ప్రింటు తీసుకుని సర్కారు టీబీ విభాగంలో ఇచ్చాను. డాక్టరు పోలీసు కంప్లైంటు ఇవ్వనన్నాడు. నేనిస్తే, కీ సొంతదారే, అంటే డాక్టరే, వచ్చి చెప్పాలని స్టేషన్లో అన్నారు. సొంతదారు వెళ్లలేదు. శివప్రసాదు జిరాక్స్ అంగడి ఇప్పటికీ ఉంది, కలర్ మిషను కూడా వచ్చింది. వెంకటసుబ్బయ్యను తీసేయలేదు, మెత్తటి మనిషి కదా. ఇంకా సర్వీసు ఉన్నా, తీరికగా విశ్రాంతి తీసుకోమని చెప్పి నన్ను మాత్రం తీసేశారు. శాలువా కప్పారు, ఫోటో తీశారు. నేను రిటైరయ్యానని చెప్పేది ఈ సంగతే.

కొత్తగా వచ్చే పిల్లలకు నేను చెప్పేది తక్కువే. కమాండ్ ఎవడైనా కొడతాడు. ఎంత నమ్ముతావని తెర అడిగినప్పుడు మీ పక్కన ఎవరున్నా లేచి బయట నిలబడమనండి. లేవకపోతే కంప్యూటరు ఆపేయండి. వాళ్లకు కోపమొస్తే రానివ్వండి, కోపానికి మాత్రలు అక్కర్లేదు.

గంగమ్మ

నాకు శాలువా కప్పకముందే ఓబులేసు ఇంటికి నేను వెళ్లాను. ల్యాబు నుంచి ఎవరో ఒకరు వెళ్లాలి. డాక్టరు వెళ్లడు, వెంకటసుబ్బయ్యకు మొహమాటం. సల్మా నాతో వచ్చింది.

పులివెందుల దాటి లోపలికి, రోడ్డు పక్కన రేకుల ఇల్లు. దొడ్లో కొన్ని గొర్రెలు ఉన్నాయి. ఓబులేసు నులక మంచం మీద ఒత్తిగిలి పడుకుని ఉన్నాడు. మందులు మొదలయ్యాయి, బతుకుతాడని ఆసుపత్రిలో చెప్పారట. కుడివైపు ఊపిరితిత్తి సగం పాడైందని, ఇక గుట్టలెక్కి గొర్రెలు మేపలేడని కూడా చెప్పారు. నేను తెచ్చిన అసలు రిపోర్టు చేతికిస్తే అతను దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇది ఆ పొద్దే ఉన్నిందా?"

"ఉండింది."

"యాడ?"

"ప్రొద్దుటూరులో."

"నేను ఆడికి రాలేదు గదమ్మా" అన్నాడు. ఊపిరి సరిపోక కళ్లు మూసుకున్నాడు.

గంగమ్మ అతని భార్య. చంకలో పాప. పాపకూ పరీక్ష చేశారని, తండ్రి దగ్గరినుంచి అంటిందని సల్మా నాకు దారిలోనే చెప్పింది. గంగమ్మ నన్ను కూర్చోమనలేదు, నేను కూర్చోలేదు.

"ఎట్ల జరిగింది ఇది?" అని అడిగింది. "సదువుకున్నోళ్లు గదా మీరంతా, ఎట్ల జరిగింది?"

చెప్పాను. కీలు, గుర్తులు అని కాదు, మామూలుగానే. ఎవరినైనా సరే చూసి నమ్మమని మేం పెట్టామని, జమ్మలమడుగు మనిషి తన బావను నమ్మనని చెప్పలేకపోయాడని, పక్కన కూర్చున్న ఇంటి అల్లుణ్ణి చిన్నబుచ్చడం ఇష్టంలేక ఆయన ఏం తెచ్చినా చెల్లేటట్టు పెట్టాడని చెప్పాను. ఆమె చివరిదాకా విన్నది. వింటూనే గిన్నెలో పాప మాత్ర వేసి నీళ్లు పోసి వేలితో కలిపింది.

"వాళ్ల బావ మింద ఉండే మర్యాదలో గోరంత మా మింద ఉన్నింటే సాలు గదమ్మా" అంది.

సల్మా తల వంచుకుంది. గంగమ్మ పాప ముక్కు మూసి మందు నోట్లో పోసింది. పాప సగం ఉమ్మేసింది. గడ్డం మీద కారినదాన్ని గంగమ్మ వేలితో తుడిచి తీసి మళ్లీ పాప నోట్లోనే పెట్టింది.